వోయేజర్ గీతను చదవడం ఎలా? నక్షత్రాల నడుమ ఎలక్ట్రాన్ల లెక్క

2013 సెప్టెంబరు 12న నాసా ఒక ప్రకటన చేసింది. 1977 సెప్టెంబరు 5న బయల్దేరిన వోయేజర్-1 నౌక సౌర పవనం వీచే మేర దాటి, నక్షత్రాల నడుమ ఉండే ప్రదేశంలో అడుగుపెట్టిందని, అది అప్పటికే ఏడాది కిందట, 2012 ఆగస్టు 25 ప్రాంతంలో జరిగిపోయిందని చెప్పింది. మనిషి చేసిన వస్తువు ఒకటి అక్కడికి చేరడం అదే మొదటిసారి.

ఇంత పెద్ద వార్తకు ముఖ్యమైన ఆధారం గ్రాఫు మీద కనిపించిన ఓ సన్నటి గీత. అది ఎంత ఎత్తులో ఉందో చూసి ఒక భాగహారం, ఒక వర్గం చేస్తే చాలు, నౌక చుట్టూ ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో తేలిపోతుంది. పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్లెవరైనా చేయగలరు. శాస్త్రవేత్తలు చెప్పారని నమ్మడం వేరు, మన చేత్తో లెక్కవేసి ఒప్పుకోవడం వేరు. రెండో దానిలో ఉన్న ఆనందం మొదటి దానిలో లేదు. అందుకే ఈ లెక్కను మొదటి నుంచీ, ఏ మెట్టూ వదలకుండా ఇక్కడ చెబుతున్నాను.

కావలసినవి

- వర్గమూలం గుర్తు ఉన్న కాలిక్యులేటర్. ఫోన్లో ఉన్నదైనా సరిపోతుంది.
- గ్రాఫు కాగితం, స్కేలు, పెన్సిలు.
- వోయేజర్-1 పంపిన ప్లాస్మా తరంగాల గ్రాఫు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం, నాసా వారి ప్లానెటరీ డేటా సిస్టమ్ ఈ సమాచారాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాయి. గ్రాఫు చేతిలో లేకపోయినా లెక్క ఆగదు. కావలసిన అంకెలన్నీ కింద ఇచ్చాను.

మెట్టు 1: పరికరం ఏం కొలుస్తుందో తెలుసుకోండి

వోయేజర్ మీద ఉన్న ఈ పరికరం పేరు ప్లాస్మా వేవ్ సబ్‌సిస్టమ్. దీన్ని మొదట నడిపించినవారు ఫ్రెడ్ స్కార్ఫ్. ఆయన 1988లో కన్నుమూశాక అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ గర్నెట్ ఆ బాధ్యత తీసుకున్నారు.

నౌక ఫొటో చూస్తే పెద్ద డిష్ వెనుక నుంచి రెండు సన్నటి లోహపు కడ్డీలు ఒకదానికొకటి లంబంగా బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. ఒక్కోటి 10 మీటర్ల పొడవు. అవే యాంటెన్నాలు. చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం ఊగితే ఈ రెండు కడ్డీల మధ్య వోల్టేజి కూడా అదే లయలో ఊగుతుంది. ఆ ఊపు సెకనుకు ఎన్నిసార్లు, ఎంత బలంగా అన్నదే పరికరం నమోదు చేస్తుంది.

నమోదు చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది 16 చానళ్ల రిసీవర్. 10 హెర్ట్జ్ నుంచి 56.2 కిలోహెర్ట్జ్ వరకు పదహారు నిర్ణీత ఫ్రీక్వెన్సీల దగ్గర బలం ఎంత ఉందో ఇది చూస్తుంది. రెండోది వేవ్‌ఫామ్ రిసీవర్. ఇది 50 హెర్ట్జ్ నుంచి 12 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న తరంగాన్ని సెకనుకు 28,800 సార్లు కొలిచి, దాని ఆకారాన్నే పట్టుకుంటుంది. ఈ సమాచారం చాలా పెద్దది. నౌక మామూలుగా భూమికి పంపేది సెకనుకు 160 బిట్లు మాత్రమే. అందుకని వేవ్‌ఫామ్ కొలతలను ముందు నౌకలోని టేపు రికార్డరులో దాచి, వీలు చూసుకుని తర్వాత పంపేది.

రెండు దారులు ఎందుకో ఒక్క లెక్కతో అర్థమవుతుంది. పదహారు చానళ్లలో 1.78 కిలోహెర్ట్జ్ తర్వాత వచ్చేది 3.11. అసలు తరంగం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటే మొదటి రిసీవరు దాని ఉనికిని పసిగడుతుందే తప్ప కచ్చితమైన చోటు చెప్పలేదు. కింద నేర్చుకునే సూత్రం ప్రకారం 1.78కీ 3.11కీ సాంద్రతలో మూడు రెట్ల తేడా వస్తుంది. కాబట్టి తరంగం ఉందా లేదా అన్నది పదహారు చానళ్లలో చూడాలి, ఎక్కడ ఉందన్నది వేవ్‌ఫామ్‌లో చదవాలి.

మెట్టు 2: ప్లాస్మా ఎందుకు ఊగుతుందో పట్టుకోండి

అంతరిక్షం శూన్యం కాదు. అందులో అతి పలచగా ప్లాస్మా ఉంటుంది. అంటే పరమాణువుల నుంచి విడిపోయిన ఎలక్ట్రాన్లు, వాటి పక్కనే ధనావేశమున్న అయాన్లు. అయాన్లు బరువైనవి, అంత తొందరగా కదలవు. ఎలక్ట్రాన్లు తేలికైనవి. ఎలక్ట్రాన్ల గుంపును కాస్త పక్కకు నెట్టారనుకోండి. వెనక మిగిలిన ధనావేశం వాటిని లాగుతుంది. అవి వెనక్కి వస్తాయి, వచ్చిన వేగంలో అసలు చోటు దాటిపోతాయి, మళ్లీ లాగబడతాయి. తోసి వదిలేసిన ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి.

ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉంటే వెనక్కి లాగే బలం అంత ఎక్కువ, ఊపు అంత వేగం. వేగం సాంద్రతతో నేరుగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. సూత్రం ఇదీ:

ఫ్రీక్వెన్సీ (కిలోహెర్ట్జ్) = 8.98 × √సాంద్రత (ఘన సెంటీమీటరుకు ఎలక్ట్రాన్లు)

మనకు తెలిసేది ఫ్రీక్వెన్సీ, కావలసింది సాంద్రత. కాబట్టి సూత్రాన్ని తిరగేయాలి:

సాంద్రత = (ఫ్రీక్వెన్సీ ÷ 8.98)²

8.98 అన్న అంకె ఎవరో ఊహించి పెట్టింది కాదు. ఎలక్ట్రాన్ బరువు, ఆవేశం వంటి ప్రకృతి స్థిరాంకాల నుంచి వస్తుంది. కనుక గుంటూరు మీది గాలి పొరల్లోనైనా నక్షత్రాల నడుమనైనా ఇదే చెల్లుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. ఈ ఊపు ప్లాస్మా ఉష్ణోగ్రత మీద దాదాపు ఆధారపడదు. యాంటెన్నా కొంచెం పాతబడి తరంగం బలాన్ని తక్కువగా చూపినా ఫ్రీక్వెన్సీ మారదు. నలభై ఏళ్లు దాటిన పరికరం మాటను ఇవాళ్టికీ నమ్ముతున్నామంటే ఒక కారణం ఇదే.

మెట్టు 3: గ్రాఫును సరిగ్గా పట్టుకోండి

ఈ గ్రాఫును స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఎడమ నుంచి కుడికి కాలం. కింద నుంచి పైకి ఫ్రీక్వెన్సీ. రంగు తరంగం బలాన్ని చెబుతుంది. సాధారణంగా నీలం అంటే బలహీనం, ఎరుపు అంటే బలం. మొదట చేయాల్సింది అక్షాల మీద అంకెలు చదవడం. కాలం సెకన్లలో ఉందా, నెలల్లో ఉందా? ఫ్రీక్వెన్సీ సమాన దూరాల్లో పెరుగుతోందా, పది రెట్లు చొప్పున పెరుగుతోందా? ఇది చూసుకోకుండా ఎత్తు చదివితే మొత్తం లెక్క తప్పుతుంది.

ఆ తర్వాత ఆకారాలు చూడండి. ఒక్కో ఆకారానికి ఒక్కో కథ ఉంటుంది.

- నిలువు చారలు: క్షణంలో వచ్చి పోయేవి. ధూళి కణం నౌకను తాకినప్పుడు ఇలా వస్తాయి. 1981లో దీని జంట నౌక వోయేజర్-2 శని వలయాల తలాన్ని దాటినప్పుడు ఈ తాకిళ్లు వరస పెట్టి నమోదయ్యాయి.
- పై నుంచి కిందికి జారే వంపు: విజిలర్. మెరుపు నుంచి పుట్టిన తరంగంలో ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందు చేరి, తక్కువది ఆలస్యంగా చేరడం వల్ల ఈ వంపు వస్తుంది. 1979లో వోయేజర్-1 గురుగ్రహం దగ్గర వీటిని పట్టుకుంది. అక్కడా మెరుపులు ఉన్నాయనడానికి అది గట్టి సాక్ష్యం.
- సన్నటి అడ్డగీత, రోజులు వారాలు నిలిచి మెల్లగా జరిగేది: ప్లాస్మా ఊపు. మనకు కావలసింది ఇదే.

ఈ తరంగాలను స్పీకరులో వినిపిస్తుంటారు కూడా. 2, 3 కిలోహెర్ట్జ్ మన చెవికి అందే మేరలోనివే కనుక వోల్టేజిని స్పీకరుకు ఇస్తే సన్నటి ఈలలా వినిపిస్తుంది. అయితే అక్కడ నిజంగా శబ్దం లేదు, ఊగింది విద్యుత్ క్షేత్రం. నెలల కొలతలను కొద్ది సెకన్లలోకి కుదించి వినిపిస్తారన్నది కూడా గుర్తుంచుకోండి.

మెట్టు 4: నౌక సొంత రొదను పక్కన పెట్టండి

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడే చోటు ఇది. ఇక్కడ కాస్త ఆగండి.

వోయేజర్ లోపల విద్యుత్తు 2.4 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ ఉన్న ఏసీ రూపంలో పరికరాలకు అందుతుంది. యాంటెన్నా ఎంతో సున్నితమైనది కనుక ఆ రొద కూడా అందులో పడుతుంది. వేవ్‌ఫామ్ గ్రాఫులో 2.4 దగ్గర ఒక గీత కనిపిస్తుంది. దాన్నే ప్లాస్మా గీత అనుకుంటే ఏమవుతుందో లెక్క వేయండి. 2.4ను 8.98తో భాగిస్తే 0.267. వర్గం చేస్తే 0.071. అంటే ఘన సెంటీమీటరుకు 0.071 ఎలక్ట్రాన్లు. నక్షత్రాల నడుమ ఉండదగ్గ అంకెలాగే ఉంటుంది! అందుకే ఇది ప్రమాదం. అసంబద్ధమైన జవాబు వస్తే ఎవరైనా తప్పు పట్టుకుంటారు. ఆశించిన జవాబే వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి చూసేవాళ్లు తక్కువ.

రెంటినీ వేరుచేయడం ఇలా. గ్రాఫు మీద స్కేలు అడ్డంగా పెట్టండి. కరెంటు రొద గీత స్కేలుకు ఆనుకుని మొదటి నుంచి చివరి దాకా ఒకే ఎత్తులో ఉంటుంది. నెలలు గడిచినా కదలదు. ప్లాస్మా గీత అలా కాదు. ఒక రోజు మొదలవుతుంది, కొన్ని వారాలుండి ఆగిపోతుంది, ఆ కాలంలో కొంచెం పైకి జరుగుతుంది. దాని మందం కూడా నిలకడగా ఉండదు, ఒక చోట చిక్కగా, ఇంకో చోట పలచగా ఉంటుంది. పుట్టేదీ, పోయేదీ, కదిలేదీ ప్రకృతిది. ఎప్పుడూ ఒకేలా ఉండేది నౌకది.

మెట్టు 5: లెక్క వేయండి

2012 మార్చిలో సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనాలు జరిగాయి. ఆ ధాటి దాదాపు పదమూడు నెలలు ప్రయాణించి 2013 ఏప్రిల్‌లో వోయేజర్-1ను చేరింది. అది తెచ్చిన ఎలక్ట్రాన్ల ప్రవాహం అక్కడి ప్లాస్మాను కదిపింది. ఏప్రిల్ 9 నుంచి మే 22 వరకు గ్రాఫులో గీత కనిపించింది. దాని ఎత్తు సుమారు 2.6 కిలోహెర్ట్జ్.

ఇప్పుడు మీ వంతు:

1. 2.6 ÷ 8.98 = 0.2895
2. 0.2895 × 0.2895 = 0.084

అంటే ఘన సెంటీమీటరుకు దాదాపు 0.08 ఎలక్ట్రాన్లు. ఈ అంకె మనసుకు అందాలంటే లీటరులోకి మార్చండి. లీటరుకు 1,000 ఘన సెంటీమీటర్లు కనుక లీటరుకు దాదాపు 80 ఎలక్ట్రాన్లు. గర్నెట్ బృందం ప్రచురించిన విలువ కూడా ఘన సెంటీమీటరుకు సుమారు 0.08.

మెట్టు 6: ఎదుటి వాదనకూ అవకాశం ఇవ్వండి

జవాబు వచ్చింది కదా అని పెన్సిలు కింద పెట్టకండి. "నౌక ఇంకా సౌర పవనం మేరలోనే ఉంది" అని అప్పట్లో గట్టిగా వాదించినవాళ్లున్నారు. వారి వాదన అర్థం లేనిది కాదు. 2012 ఆగస్టులో సూర్యుడి వైపు నుంచి వచ్చే కణాలు ఒక్కసారిగా తగ్గాయి, బయటి నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పెరిగాయి. కానీ సరిహద్దు దాటితే అయస్కాంత క్షేత్రం దిశ మారుతుందని అందరూ అనుకున్నారు. అది మారలేదు. ప్లాస్మాను నేరుగా కొలిచే పరికరమేమో వోయేజర్-1లో 1980లోనే పనిచేయడం మానేసింది. అది బతికి ఉంటే వాదనే ఉండేది కాదు.

వారి మాటే నిజమనుకుని గీత ఎక్కడ ఉండాలో చూద్దాం. సరిహద్దుకు లోపలి వైపు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.002.

1. √0.002 = 0.0447
2. 0.0447 × 8.98 = 0.40 కిలోహెర్ట్జ్

నౌక లోపలే ఉంటే గీత 0.4 దగ్గర కనిపించాలి. కనిపించింది 2.6 దగ్గర. ఆరున్నర రెట్లు ఎత్తు. సాంద్రతలో నలభై రెట్లు. గ్రాఫు చదవడంలో మీరు కొద్దిగా అటూ ఇటూ పొరబడినా ఇంత తేడా రాదు. వారి వాదనకు ఇది గట్టి దెబ్బ.

మెట్టు 7: రెండో గీతను వెతకండి

ఒక్క గీత దొరికాక శాస్త్రవేత్తలు పాత రికార్డులు మళ్లీ తిరగేశారు. 2012 అక్టోబరు 23 నుంచి నవంబరు 27 వరకు మరో గీత దొరికింది. మొదటి దానికంటే బలహీనం. ఎత్తు సుమారు 2.2 కిలోహెర్ట్జ్. దాన్ని కూడా లెక్క వేయండి: 2.2 ÷ 8.98 = 0.245, వర్గం 0.060.

గ్రాఫు కాగితం మీద కాలం అడ్డంగా, సాంద్రత నిలువుగా తీసుకుని రెండు చుక్కలు పెట్టండి. 2012 నవంబరు మధ్యకు కొంచెం ముందు 0.060, 2013 ఏప్రిల్ ఆఖరున 0.084. స్కేలుతో కలిపి గీతను వెనక్కి సాగదీసి ఆగస్టు 25 దగ్గర ఆపండి. అక్కడ సాంద్రత 0.05కు దగ్గరగా వస్తుంది. లోపలి 0.002 అన్న విలువకు ఎక్కడా చేరువ కాదు. అంటే సాంద్రత లోపలి నుంచి ఇదే వాలులో నెమ్మదిగా ఎక్కుతూ రాలేదు. మధ్యలో ఒక చోట ఒక్కసారిగా పెరిగి ఉండాలి. ఆ చోటే హీలియోపాజ్, మనం వెతుకుతున్న సరిహద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు చుక్కల మధ్య గీత ఎప్పుడైనా తిన్నగానే వస్తుంది, కనుక అది వాలు ఎటో చెబుతుంది గాని అసలు ఆకారం చెప్పదు. ఆగస్టు 25 అన్న తేదీని నిలబెట్టింది ఈ గీత ఒక్కటే కాదు, సరిగ్గా ఆ రోజు మారిన కణాల లెక్కలు కూడా. రెండు వేరువేరు దారుల్లో వచ్చిన సాక్ష్యాలు ఒకే చోట కలవడమే దీని బలం.

మెట్టు 8: అదే సూత్రంతో ఇంకొన్ని లెక్కలు

చేయి తిరగాలంటే అభ్యాసం కావాలి. ఈ నాలుగూ చేసి చూడండి.

వోయేజర్-2: ఇది 2018 నవంబరు 5న సరిహద్దు దాటింది. 2019 ఆరంభంలో దొరికిన గీత ఎత్తు దాదాపు 1.78 కిలోహెర్ట్జ్. 1.78 ÷ 8.98 = 0.198, వర్గం 0.039. వేరే దిశలో, వేరే చోట దాటినా సాంద్రత అదే తరహాలో ఉంది. మన లెక్క ఒక్క నౌకకే పరిమితమైన అదృష్టం కాదని ఇది రుజువు చేస్తుంది.

2017 తర్వాతి సన్నని గీత: కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టెల్లా ఆకర్ బృందం వోయేజర్-1 సమాచారాన్ని జల్లెడపట్టి, సౌర విస్ఫోటనాలతో నిమిత్తం లేకుండా నిలకడగా ఉన్న బలహీనమైన గీతను 2021లో ప్రకటించింది. దాని ఎత్తు సుమారు 3 కిలోహెర్ట్జ్. సాంద్రత 0.11 పైచిలుకు వస్తుంది. విస్ఫోటనం కోసం నెలల తరబడి ఎదురుచూడనక్కర లేకుండా సాంద్రతను వరసగా కొలుస్తూ పోవచ్చని ఈ పరిశోధన చూపింది.

చంద్రుడి మీద విక్రమ్: శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్‌లో రంభా-ఎల్‌పీ అనే పరికరం ఉంది. ఇది తరంగాలు వినే పరికరం కాదు. చిన్న లోహపు గోళాన్ని ప్లాస్మాలో ఉంచి, దాని మీదికి వచ్చే విద్యుత్తును బట్టి సాంద్రతను కొలుస్తుంది. ఇస్రో చెప్పిన తొలి విలువలు ఘన మీటరుకు 50 లక్షల నుంచి 3 కోట్ల వరకు. ఘన సెంటీమీటరులోకి మారిస్తే 5 నుంచి 30. ఇప్పుడు సూత్రాన్ని ముందు వైపు నుంచి వాడండి: √5 × 8.98 = 20 కిలోహెర్ట్జ్, √30 × 8.98 = 49 కిలోహెర్ట్జ్. వోయేజర్ లాంటి పరికరం ఒకటి అక్కడ ఉండి, ప్లాస్మా ఊగి ఉంటే ఈ మేరలో గీత వెతకాలి.

మన తల మీది పొర: పగటిపూట అయనోస్ఫియర్ పై పొరలో ఘన సెంటీమీటరుకు పది లక్షల దాకా ఎలక్ట్రాన్లు ఉంటాయి. √10,00,000 = 1,000. 1,000 × 8.98 = 8,980 కిలోహెర్ట్జ్, అంటే దాదాపు 9 మెగాహెర్ట్జ్. నేల నుంచి నిటారుగా పైకి వెళ్లే రేడియో తరంగాల్లో ఇంతకు లోపు ఉన్నవి వెనక్కి తిరుగుతాయి. ఏటవాలుగా వెళ్లేవైతే ఇంకొంచెం ఎక్కువ ఉన్నా తిరుగుతాయి. సిలోన్ రేడియో తెలుగు పాటలు షార్ట్‌వేవ్ మీద సముద్రం దాటి మన ఊళ్లకు వచ్చింది ఈ కారణం వల్లే. ఎఫ్‌ఎం 88 మెగాహెర్ట్జ్ పైన ఉంటుంది కనుక ఆ పొరను దూసుకుపోతుంది, తిరిగి రాదు. తిరుపతి దగ్గర గాదంకిలోని పెద్ద రాడారు 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. 9 కంటే ఎంతో ఎక్కువ కాబట్టి దాని తరంగం మొత్తంగా వెనక్కి తిరగదు. పొరల్లోని ఒడుదొడుకుల నుంచి చెదిరి వచ్చే కొద్దిపాటి ప్రతిధ్వనిని పట్టుకుని అది ఆ పొరల కదలికలు చదువుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

- ప్రమాణాలు కలిపేయడం: 8.98 వాడితే ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లో, సాంద్రత ఘన సెంటీమీటరులో ఉండాలి. ఘన మీటరులో అంకె ఇస్తే ముందు పది లక్షలతో భాగించండి.
- వర్గం మరచిపోవడం: ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే సాంద్రత నాలుగింతలు. అందుకే గీత ఎత్తు చదవడంలో 5 శాతం తప్పు జవాబులో దాదాపు 10 శాతం తప్పవుతుంది.
- గీత లేకపోతే ప్లాస్మా లేదనుకోవడం: ప్లాస్మా ఎప్పుడూ ఉంటుంది. దాన్ని గట్టిగా కదిపేది ఏదైనా వస్తేనే బలమైన గీత పుడుతుంది.
- రంగును సాంద్రత అనుకోవడం: రంగు తరంగం బలం మాత్రమే. సాంద్రత గీత ఎత్తులో ఉంది.

ఇకపై ఇలా చదవండి

అంతరిక్షంలో ఫలానా చోట సాంద్రత ఇంత ఉందని తరంగాల ఆధారంగా ఎవరైనా చెప్పిన వార్త ఇక మీ కంట పడితే మూడు ప్రశ్నలు వేసుకోండి. గీత ఏ ఫ్రీక్వెన్సీలో ఉంది? అది నౌక సొంత రొద కాదని ఎలా తేల్చారు? ఎదుటి వాదన నిజమైతే గీత ఎక్కడ ఉండేది? ఈ మూడింటికీ జవాబు దొరికిన వార్తను ధైర్యంగా నమ్మవచ్చు, నలుగురికీ చెప్పవచ్చు. ఇంట్లో ఎనిమిదో తొమ్మిదో తరగతి చదివే పిల్లలుంటే మెట్టు 5 లెక్క వాళ్ల చేత చేయించండి. వర్గమూలం ఎందుకు నేర్చుకోవాలని పిల్లలు అడిగినప్పుడు చూపించడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు తెలియదు.